చెవుడొస్తున్నవాడికి చాచా కట్టిన డబ్బా

మొన్న శుక్రవారం పొద్దున్న ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్స్‌లో బేరింగుల పెట్టెలు సర్దిస్తుంటే చొక్కా జేబులో ఫోను వణికింది. చాచా కొడుకు మెసేజి. "అబ్బా పోయారు. తెల్లారగట్ల ఫజర్ నమాజు చేసి కూర్చున్నచోటే ఒరిగిపోయారు. మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక తీసుకెళ్తాం. మీరు రావాలి." మూడుసార్లు చదివాను. ఫోన్ చేసి చెబితే నాకు వినబడదని అతనికి తెలుసు, అందుకే రాసి పంపాడు. పక్కనున్నవాళ్ళు నన్నేదో అడుగుతున్నారు. పెదాలు కదులుతున్నాయి. నేను అక్కడే పెట్టె మీద కూలబడ్డాను.

చాచా నాకు చుట్టం కాదు. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దాటాక ఒక సందులో స్పీకర్లు బాగుచేసే మనిషి. చిరిగిన కాగితం కోను అతికించడం, లోపల కాలిపోయిన తీగ కాయిల్ చుట్టడం, చెక్క డబ్బాలు కట్టడం, నలభై ఏళ్ళుగా అదే పని. గుడి మైకైనా, దర్గా మైకైనా, ఆటోలో పాటల డబ్బా అయినా పాడైతే ఆ బల్ల మీదకే చేరేవి. ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. ఈ లోకంలో నాకు ఆఖరిదాకా వినబడిన మనిషి గొంతు అదొక్కటే. నా భార్య గొంతు పోయింది. నా కూతురి గొంతు పోయింది. నా గొంతు నాకే సగం పోయింది. ఆయనది మిగిలింది. ఇప్పుడు అదీ లేదు. ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను. ఓదార్పు కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది, నా దగ్గర అది లేదు.

నా చెవుల సంగతి ముందు చెప్పెయ్యాలి. మాది ఎలమంచిలి దగ్గర పల్లె. మా తాతకి నలభై దాటాక చెవుడొచ్చింది, మా పెద్దనాన్నకీ వచ్చింది. మా నాన్న ఆ వయసుకి ముందే పోయారు కాబట్టి ఆయనకి రాలేదు. నాకు వచ్చింది. చాలామంది మిల్లు మోతకి పోయాయనుకుంటారు. నాది మిల్లు కాదు, స్టోర్స్‌లో జనరల్ షిఫ్టు, అక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించారు. సన్నటి సౌండ్లు ముందు పోతాయి, లావు సౌండ్లు ఆఖర్న పోతాయి. పిట్టలు, కుక్కర్ విజిల్, పిల్లల గొంతు, ఆడవాళ్ళ గొంతు, ఆ వరసలో. చెవి మిషను పెట్టుకుంటే కొన్నాళ్ళు సాగుతుంది. ఆ తరవాతేంటని అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

మా నాన్న తప్పెటగుళ్ళు ఆడేవారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, గుండె మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, పాడుతూ గెంతుతూ వాయించే ఆట, మా వైపుది. చిన్నప్పుడు ఆయన వాయిస్తుంటే ముందు వరసలో కూర్చున్న నాకు పొట్టలో మోగేది. మా మేనమామ ఒక తీర్థంలో, అంటే జాతరలో, టేప్‌రికార్డర్ పట్టుకుని తీసిన క్యాసెట్టు ఒకటి మా బీరువాలో ఉంది. నాన్నకి సరైన ఫొటో కూడా లేదు. ఉన్నదల్లా ఆ క్యాసెట్టు. చెవులు పూర్తిగా మూసుకునేలోపు ఒక్కసారి ఆ తప్పెట వినాలి, అదీ నా పట్టు. లావు సౌండ్లు ఆఖర్న పోతాయన్నారు. లావు సౌండ్లు చేసేది సబ్‌వూఫర్ అన్నారు. ఇంకేముంది, పరిగెట్టుకెళ్ళి కొనేశాను.

బజారులో ఉన్నవాటిలోకల్లా పెద్దది కొన్నాను. ముందు నీలం లైటు, పక్కన నా పిడికిలి దూరేంత కన్నం. గది మూలన పెట్టి ఆన్ చేశాను. ఒకటే బూం. పాట మారినా బూం, వార్తలు పెట్టినా అదే బూం. ఇంకొంచెం పెంచాను. మా ఆవిడ వంటింట్లోంచి చెవులు మూసుకుని వచ్చింది. దాని వెనకాలే తలుపు తోసుకుని కింది క్వార్టరతను వచ్చాడు. రాత్రంతా సి షిఫ్టు చేసి పొద్దున్నే పడుకున్న మనిషి, లుంగీ మీదే, చంకలో తలగడతో. అప్పటికింకా మిషను పెట్టుకుని పెదాలు చూస్తే నాకు మాట అందేది.

"బావా, నీకు సెవులు నేవు సరే, మాకున్నాయి గదా! మా మంచం నడుసుకుంటా గుమ్మం కాడికొచ్చీసింది!"

ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఎవరూ రాయని రూలు ఒకటుంది. పగలు పడుకున్నవాడే పెద్దమనిషి. పిల్లలు మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతారు. నేను ఆ రూలు తప్పాను. తల దించుకున్నాను. నా మొహం చూసి అతనికే జాలేసినట్టుంది. "వన్‌టౌన్‌లో ఒక చాచా ఉన్నాడు. ఆయన కాడికి అట్టుకుపో. నేకపోతే సముద్రంలో పడెయ్" అని తలగడ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ డబ్బాని ఆటోలో వేసుకుని వెళ్ళాను. చాచా చెవి మీద సుద్దముక్క, మెడలో రుమాలు, ముందు సాసర్లో టీ. డబ్బా ఆన్ చేయించి, చెవి పెట్టి వినలేదు, అరచెయ్యి కోను మీద ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. తరవాత చెయ్యి తీసేసి అన్నారు, "ఇది సౌండు కాదు నాయనా. కడుపుబ్బరం."

నేను ఉలిక్కిపడ్డాను. పెదాలు చూడకముందే వినబడింది. గొంతు! అచ్చంగా మనిషి గొంతు, గరగర లేకుండా, మిషను గీపెట్టకుండా.

"మళ్ళీ అనండి చాచా."

"ఏటి, తిట్టు మళ్ళీ ఇనాలా?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మొగాణ్ణి, నడి బజారులో, ఒక పాత స్పీకర్ల కొట్లో ఏడిచాను. ఆయన సాసర్లో టీ సగం నా వైపు జరిపారు.

అంతా చెప్పాను. చెప్పి, నా బుద్ధి నాదే కదా, "రేపటికి కావాలి" అన్నాను.

"రేపటికి ఎవుడైనా ఇచ్చెత్తాడు. నీకు ఇనబడేది నాను ఇత్తాను. సబర్ పట్టు, కాత్త ఓర్సుకో."

"నాకు సబర్ లేదు చాచా. నా చెవులకి టైము లేదు."

ఆయన చెవి మీద సుద్దముక్క తీసి బల్ల మీద నాలుగు గీతలు గీశారు. "ముందు గది సెప్పు. గుమ్మం ఏ మూల, కిటికీ ఏ మూల, నువ్వు కూకునేదెక్కడ. డబ్బా తరవాత." గది తెలియకుండా డబ్బా కొనడం అంటే కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే అనేవారు.

నాకు పదిహేనంగుళాల స్పీకరు కావాలని పట్టుబట్టాను. పెద్దదైతే ఎక్కువ వినబడుతుందని నా లెక్క. ఆయన పదంగుళాలే చాలన్నారు. కన్నం లేని డబ్బా కడతానన్నారు. కన్నం ఉన్నది మోత ఎక్కువ చేస్తుందట, కానీ లోపల గాలి ఊగుతూనే ఉంటుందట, ఒక దెబ్బ పడ్డాక తొందరగా ఆగదట. మూసేసిన డబ్బా మోత తక్కువైనా మాట మీద నిలబడుతుందట. "తప్పెట ఇనాలంటున్నావ్. దెబ్బ పడాల, ఆగాల. మొదటిది ఆగకపోతే రెండోది ఎక్కడ కూకుంటాది?" అన్నారు. ఆ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో! ఆఫీసులో, ఇంట్లో, ఒకరి మాట పూర్తయ్యేలోపు నా మాట తోసెయ్యడం నాకు చిన్నప్పటి అలవాటు. చెవులు పోయాక అది ఇంకా ఎక్కువైంది.

డబ్బా కట్టడానికి ఆయనకి పన్నెండు రోజులు పట్టింది. రోజూ వెళ్ళాను. డ్యూటీ దిగడం, బస్సెక్కడం, ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని "అయ్యిందా, ఇంకా ఎంత" అనడం. ఆయన డ్రిల్లు పట్టుకునే ముందు పక్కనున్న స్పీకర్లన్నిటి మీద రుమాళ్ళు కప్పేవారు, దుమ్ము పడితే దగ్గుతారు పాపం అనేవారు. స్పీకర్ని బోర్లా పెట్టనిచ్చేవారు కాదు. "మూతి నేలకి ఆనిత్తే ఊపిరెలగాడతాది?" అని కసిరేవారు. ఆయనకి మాత్రం ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. నాలుగు మేకులు కొట్టి ఆగి, నోరు తెరిచి గాలి పీల్చుకుని మళ్ళీ కొట్టేవారు. నేను చూశాను. చూసి కూడా, బేగి బేగి అని తొందరపెట్టాను.

మా క్వార్టరు రెండో అంతస్తు. డబ్బా పూర్తయ్యాక దాన్ని పెట్టడానికి చాచా వచ్చారు, ప్రతి మలుపు దగ్గరా రెయిలింగు పట్టుకుని ఆగుతూ ఎక్కారు. వచ్చి మంచినీళ్ళు తాగి, మా ఆవిడతో "తల్లీ, కుర్సీ తీసెయ్" అన్నారు. నేను కూర్చునే చోట డబ్బా పెట్టి ఏదో పాట వేశారు. తలకిందులుగా ఉందే ఈ పద్ధతి అనుకున్నాను. "ఇది నీ సీట్లో కూకుంటాది. మనం పాక్కుంటా తిరుగుదాం. ఎక్కడ బాగా ఇనబడితే అక్కడే డబ్బాకి సోటు" అని చెప్పి, ఆ వయసులో, గడ్డం నేలకి తగిలేలా చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకడం మొదలెట్టారు. గోడవార, కిటికీ కింద, టీవీ పక్కన. నేనూ పాకాను, చెంప నేలకి ఆనించి. మూలకి వెళ్తే ఒకటే రొద, గది మధ్యలో ఏమీ లేదు. కిటికీకి రెండు జానల ఇవతల నా చెంప కింద గచ్చు ఒక్కొక్క దెబ్బగా కొట్టుకుంది. "ఇక్కడ చాచా!" అని అరిచాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజు తరవాత అది నవ్వడం అదే మొదలు.

అంతలో గచ్చు మీద వేరే దెబ్బలు తగిలాయి. కిందివాడు చీపురుకర్రతో తన సీలింగు పొడుస్తున్నాడు.

అసలు చిక్కు అక్కడొచ్చింది. నాకు అందాలంటే నేల వణకాలి. నేల వణికితే కిందివాడికి నిద్ర లేదు. డబ్బా కింద మెత్తటిదేమైనా వేస్తే వాడు పడుకుంటాడు, నాకేమీ అందదు. "ఆళ్ళు డ్యూటీకెళ్ళినప్పుడే ఏసుకుంటాను" అని మొండికేశాను. చాచా డ్యూటీ చార్టులు తెమ్మన్నారు. కింద ఒకడు, పక్కన ఒకడు, పైన ఒకడు. ముగ్గురివీ మూడు వేరే షిఫ్టులు. ముగ్గురూ ఇంట్లో లేని గంట, నేను ఇంట్లో ఉన్న గంట, రెండూ కలిసింది ఆ నెలలో ఒక్కటి దొరకలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పడుకున్నవాడి నిద్ర మళ్ళీ రేపొస్తుంది, నా చెవులు రావు కదా అని అరిచాను. చాచా చార్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. "పడుకున్నోడి ఉసురు పోసుకుని ఇనే పాట నీకొద్దు" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మూడో రోజు ట్రాలీ ఆటోలో దిగారు. పోర్టులో సరుకు కింద వేసే మందపాటి చెక్కలు, నాలుగు స్కూటర్ ట్యూబులు. చెక్కలన్నీ కలిపి మంచమంత బల్ల కొట్టారు. దాని కింద నాలుగు మూలలా ట్యూబులు పెట్టి సగం సగం గాలి కొట్టారు. బల్ల మీద, కిటికీ వైపు కొసన డబ్బా, ఈ కొసన నా కుర్చీ. "ఇక మీ ఇద్దరూ ఒకే పడవలో. వణికితే నువ్వూ అదీ వణకండి. కిందోడినెందుకు లేపడం?" అన్నారు. డబ్బాకి ఒక నాబ్ ఉంది, ఎక్కడిదాకా సౌండు సబ్‌వూఫర్ మొయ్యాలో, ఎక్కడ ఇంట్లోని చిన్న స్పీకర్లకి ఇచ్చెయ్యాలో చెప్పేది. దాన్ని వెంట్రుకవాసి తిప్పడం, నా మొహం చూడడం, మళ్ళీ తిప్పడం. నా వీపు కింద కుర్చీ ఒక్కసారి బతికింది! పూర్తి సౌండులో పది నిమిషాలు నడిచాక కిందివాడు పైకొచ్చాడు. నేను గుండె దిటవు చేసుకున్నాను. "ఏటి బావా, ఇంకా మొదలెట్టనేదా? నాను పడుకోవాలా వద్దా?" అన్నాడు. చాచా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

అప్పుడు బీరువా తీశాను. క్యాసెట్టు అప్పటిదాకా ఆయన చేతికివ్వలేదు. ఆయన మొదటి రోజు నుంచి అడుగుతూనే ఉన్నారు, నేనే ఇవ్వలేదు. పాత టేపు, తెగిపోతే నా గతేంటి, అంతా సిద్ధమయ్యాక ఒక్కసారే వేద్దామన్నాను. చాచా తన కొట్లోంచి తెచ్చిన డెక్కులో పెట్టి నొక్కారు. నేను చెప్పులు విప్పి, రెండు చేతులూ కుర్చీకి ఆనించి కూర్చున్నాను.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏటే, మొదలయ్యిందా?"

"అయ్యి సేపయ్యిందండీ. మాయ్య పాడతన్నారు."

నాకేమీ రాలేదు. చాచా పెంచారు. ఇంకా పెంచారు. కుర్చీ కదలలేదు. ఎక్కడో దోమ వాలినట్టు వేళ్ళ కొసల్లో ఏదో, అంతే. ఆయన ఆపేసి నేల మీద చతికిలబడ్డారు. నాకు తెలియాలని మొహం ఎత్తి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "టేపులో నేదు నాయనా. సిన్న మిషనుతో తీసినారు. గజ్జెలున్నాయి, పాటుంది, తప్పెట టక్కుమనే పైసప్పుడుంది. కింది దెబ్బ దాన్లోకి ఎక్కనేదు. టేపులో నేని దెబ్బని డబ్బా ఎక్కణ్ణుంచి తెత్తాది?"

ఆ రోజు నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. చెవి మిషను పీకి గోడకి కొట్టాను. "నలభై ఏళ్ళు ఏం పీకావ్? ముందే తెలీదా నీకు? నా నెల రోజులు తినేశావ్!" అన్నాను. ఏకవచనంలో. నా తండ్రి వయసు మనిషిని. మా ఆవిడ నా నోరు మూసింది. చాచా లేచి, డెక్కులోంచి క్యాసెట్టు తీసి, వదులైన టేపుని చిటికినవేలితో తిప్పి బిగించి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టి బల్ల మీద ఉంచారు. "తప్పు నాదే. గది అడిగినాను, డబ్బా అడిగినాను. టేపు లాక్కుని ఇనాల్సింది" అన్నారు. తప్పు ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

నాలుగు రోజులు ఇంట్లోంచి డ్యూటీకి తప్ప కదల్లేదు. మా ఆవిడ అన్నం పెడితే తిన్నాను, పెట్టకపోతే లేదు. బతికేం లాభం అనిపించింది. ఉన్నమాటే చెబుతున్నాను. ఐదో రోజు ఫోనులో చాచా పంపిన రెండు ముక్కలు: "టేపు తెచ్చుకో. దెబ్బ నేర్పు."

కొట్లో ఒక పెద్ద స్పీకరు వెల్లకిలా పెట్టి ఉంది. వైర్లు తిప్పి కట్టారు. "స్పీకర్ని తిరగేసి కడితే మైకవుతాది. కింది దెబ్బని ఇంత బాగా పట్టే మైకు ఇంకోటి నేదు. టేపు నా సెవుల్లో నడుత్తాది. మీ నాన్న ఎక్కడ కొట్టినాడో అక్కడ నాను ఈ కోను మీద అరసెయ్యి ఏత్తాను. రెండూ కలిపి నీకిత్తాను."

"అది మా నాన్న దెబ్బ ఎలా అవుతాది చాచా?"

"సప్పుడు నాది. వేళ మీ నాన్నది. అదైనా కావాలా, వద్దా?"

కావాలన్నాను. ఆ తాళం నాకు ఎముకల్లో ఉంది. ఆయన వెనక స్టూలు మీద కూర్చుని ఆయన భుజం మీద కొట్టి నేర్పాను. ఆయన తిరిగి నా మోకాలి మీద కొట్టి అప్పజెప్పేవారు. తరవాత చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రుమాలు నడుముకి బిగించి మొదలెట్టారు. ఒకసారి చరణం దగ్గర తప్పింది. ఒకసారి మూడో దెబ్బ ముందు పడింది, నాన్న దాన్ని కొంచెం ఆలీసంగా వేసేవారు. మళ్ళీ అన్నాను. మళ్ళీ వేశారు. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది. కొడుకు వచ్చి ఇక చాలన్నట్టు నాకు చేతులు జోడించాడు. నేను వినలేదు. చెవుడు ఒక సాకు దొరికింది కదా నాకు. "ఇంకొక్కసారి చాచా" అన్నాను. అలా పదకొండుసార్లు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. పదకొండోది అయ్యాక అరచెయ్యి ఎర్రగా కందిపోయింది, దాన్ని టీ గ్లాసుకేసి ఆనించుకుని కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో బల్ల మీద కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ వేలు ఎత్తింది, పాట మొదలైందని. దెబ్బ పడబోతోందని వేలు దించింది.

పడింది! వీపులో పడింది, పక్కటెముకల్లో పడింది, పొట్టలోకి దిగింది. ఒకటి, రెండు, ఆగి, మూడు. ఆ ఆలీసం. నాన్న ఎడం కాలు ఎత్తి దించేముందు ఆగే ఆగుడు. ఓరి దేవుడా, తీర్థం నడి వీధిలో, దుమ్ములో, చొక్కా లేని మనిషి గెంతుతూ నా మీదకి వస్తున్నట్టే ఉంది. బావురుమన్నాను. చాచా గోడకి ఆనుకుని నా మొహమే చూస్తున్నారు. "వచ్చిందా?" అన్నారు ఆ నూతి గొంతుతో. వచ్చింది చాచా అన్నాను. ఆయన కందిన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. "సాల్లే, ఇక కిందోడిని కూడా ఓసారి పిలు, పాపం" అని లేచి మంచినీళ్ళు అడిగారు.

తరవాత నా చెవులు ఇంకా కిందకి దిగాయి. మిషను పనికిరాకుండా పోయింది. ఆదివారాలు వన్‌టౌన్ వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చునేవాణ్ణి. "ఏదో ఒకటి మాట్లాడండి చాచా" అనేవాణ్ణి. మాటలు విడిగా తెలిసేవి కావు, గొంతు ఉందని మాత్రం తెలిసేది. అరచెయ్యి బల్ల మీద పరిచి కూర్చుంటే ఆయన పేపరు పైకి చదివేవారు. పేపరు అయిపోతే గోడ మీద స్పీకర్ల పేర్లు చదివేవారు. ఈ మధ్య రెండు వాక్యాలకి ఒకసారి ఆగి గాలి పీల్చుకునేవారు. నేను బల్ల మీద వేళ్ళతో కొట్టి, ఊఁ, ఆపకండి అనేవాణ్ణి. పోయిన ఆదివారం కూడా అన్నాను.

ఇప్పుడా బల్ల మీద కూర్చుని పాట వేస్తే దెబ్బలు పడుతూనే ఉన్నాయి. అవి వేసిన చెయ్యీ లేదు, ఆ వేళ పెట్టిన మనిషీ లేడు. ఎవరి కోసం ఏడుస్తున్నానో తెలీకుండా ఏడుస్తున్నాను. ఆ పదకొండు సార్లకీ ఆయన ఊపిరి ఎంత పోయిందో ఎవరినడగను? కొడుకునడిగాను, కాగితం మీద రాసి. "అబ్బా ఆ నెల రోజులూ హుషారుగా ఉన్నారు" అని కింద రాశాడు. మంచివాడు, అలాగే రాస్తాడు.

శుక్రవారం జుమ్మా అయ్యాక ఖబరస్తాన్‌కి వెళ్ళాను. అందరూ వరసలు కట్టారు, నేను ఆఖరి వరస వెనకాల నిలబడ్డాను. చేతులు ఎత్తితే నమాజు మొదలైందని, తలలు అటూ ఇటూ తిప్పితే అయిపోయిందని తెలిసింది. చాచాని దించారు. పైన అడ్డంగా చెక్క పలకలు పేర్చారు. ఒక్కొక్కరూ వంగి మూడు పిడికిళ్ళ మట్టి వేసి పక్కకి జరుగుతున్నారు. కొడుకు నాకు మూడు వేళ్ళు చూపించి ముందుకి రమ్మన్నాడు.

మొదటి పిడికిలి వేశాను. పలక మీద పడింది.

వినబడింది.

రెండోది వేశాను. వినబడింది. మూడోది కూడా. ఆ పొద్దున్న నుంచి నాకు వినబడ్డ చప్పుడు అదొక్కటే. మూడే వెయ్యాలని నాకు తెలుసు. నాలుగోది వేశాను. మా చుట్టూ పారలు పట్టుకున్నవాళ్ళు మట్టి తోసేస్తున్నారు, పలకలు మూసుకుపోతున్నాయి, మట్టి మీద పడితే చప్పుడు లేదు. చెక్క ఇంకా ఎక్కడ కనబడుతోందో వెతికి వెతికి అక్కడ వేశాను. అటు వెళ్ళి వేశాను, ఇటు వచ్చి వేశాను. ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. చాచా కొడుకు. నా మొహంలో మొహం పెట్టి ఏదో చెబుతున్నాడు, గట్టిగానే చెబుతున్నట్టున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. నా పిడికిలి నిండా మట్టి ఉంది. అతని భుజం మీదుగా చూశాను. తల వైపు మూలన అరచెయ్యంత చెక్క ఇంకా బయటే ఉంది.